నిమ్మ ఐసింగ్ వేసిన కుకీలు ఇంట్లో చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో ఇంటి దగ్గరే ఆర్డర్ల మీద బిస్కెట్లు చేస్తుంటాను. నిమ్మ కుకీలు తీసుకెళ్లినవాళ్లలో చాలామంది వారం తిరక్కుండానే ఫోన్ చేసి "అక్కా, ఎట్ల చేస్తారు?" అని అడుగుతారు. చేసి చూసినవాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు, ఈసారి ఎక్కడ తేడా కొట్టిందో కనుక్కోవడానికి. ఆ ప్రశ్నలన్నీ దాదాపు వాళ్ల మాటల్లోనే ఇక్కడ పెట్టాను. మీకు ఏది అవసరమో అది చదువుకుంటే చాలు.

## సరుకులు, కొలతలు

ముందు కొలతలు చెప్పండి అక్కా. గుడ్డు లేకుండా వస్తాయా?

బ్రహ్మాండంగా వస్తాయి. నేను చేసేవి గుడ్డు లేనివే. బటర్ 100 గ్రాములు, చక్కెర పొడి 90 గ్రాములు, మైదా 180 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 20 గ్రాములు, బేకింగ్ పౌడర్ పావు టీస్పూన్, ఐదు నిమ్మకాయల తొక్క తురుము, నిమ్మరసం 2 టీస్పూన్లు, పాలు ఒకటి లేదా రెండు టేబుల్‌స్పూన్లు. 15 గ్రాముల ఉండలు చేస్తే పాతిక పైనే వస్తాయి. 170 డిగ్రీల దగ్గర 12 నుంచి 14 నిమిషాలు కాల్చాలి. పైపూతకి చక్కెర పొడి 120 గ్రాములు, నిమ్మరసం, నీళ్లు కలిపి 4 నుంచి 5 టీస్పూన్లు.

గుడ్డు వేయాలనుకుంటే పాలు మానేసి ఒక పచ్చసొన వేయండి, బాగా గుల్లగా వస్తాయి. గుడ్డు మొత్తం వేస్తే మైదా ఇంకో 30 గ్రాములు పడుతుంది. అప్పుడు బిస్కెట్‌లా కాకుండా కాస్త మెత్తగా, కేకు వైపు మొగ్గుతాయి.

కాటా లేదు. కప్పుతో కొలిస్తే తప్పా?

తప్పేం లేదు, కాకపోతే మైదా దగ్గర జాగ్రత్త. కప్పును డబ్బాలో ముంచి తీస్తే పిండి అదిమి పడుతుంది. చెంచాతో వదులుగా పోసి, పైన చాకుతో గీసేస్తే కప్పుకు 120 గ్రాములు వస్తుంది. ముంచి తీస్తే అదే కప్పులో 150 దాకా కూరుకుంటుంది. 180 గ్రాముల మైదా అంటే వదులుగా పోసిన ఒకటిన్నర కప్పు. కుకీలు రాళ్లలా వచ్చాయని చెప్పేవాళ్లలో ఎక్కువమంది కప్పు ముంచి తీసినవాళ్లే.

వీడియోల్లో అన్‌సాల్టెడ్ బటర్ అంటారు. మా వీధి అంగట్లో ఉప్పు బటరే ఉంది. ఏం చేయాలి?

అదే వాడండి. విడిగా ఉప్పు వేయకండి, అంతే. నిమ్మ, చక్కెర ఉన్నచోట రవ్వంత ఉప్పదనం రుచిని పెంచుతుందే గానీ పాడు చేయదు. బటర్, చక్కెర పొడి కలిపి చేసే మెత్తటి పైపూత, అదే బటర్‌క్రీమ్‌కి మాత్రం ఉప్పు లేనిదే కావాలి. అందులో బటర్ కాల్చకుండా అట్లాగే తింటాం కాబట్టి ఉప్పు నాలుకకు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ఇంట్లో మీగడ చిలికిన వెన్న ఉంది. లేదంటే నెయ్యి వేయొచ్చా?

ఇంటి వెన్నలో నీళ్లు, మజ్జిగ అంశ ఎక్కువ. ఎంత ఉంటుందో ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది కాబట్టి పిండి ఒకరోజు జారుగా, ఒకరోజు గట్టిగా వస్తుంది. బాగా కడిగి, బట్టలో వేసి నీళ్లు పిండేస్తే నడుస్తుంది.

నెయ్యిలో నీళ్లు అసలుండవు. 100 గ్రాముల బటర్ బదులు 80 గ్రాముల గడ్డకట్టిన నెయ్యి, ఒక టేబుల్‌స్పూన్ పాలు వేయండి. బాగుంటాయి, కానీ నోట్లో వేసుకోగానే నెయ్యి వాసన ముందుకొచ్చి నిమ్మ వెనక్కి పోతుంది. అంత నెయ్యి పెట్టేట్టయితే నానఖటాయిలు చేసుకోవడం మేలని నా అభిప్రాయం. వేరుశనగ నూనె మాత్రం వద్దు. మన జిల్లా పంటే గానీ ఈ కుకీకి ఆ వాసన పడదు.

మైదా వద్దనుకుంటే గోధుమపిండి, రాగి, కొర్రపిండి?

సగం మైదా, సగం గోధుమపిండి వేస్తే పర్వాలేదు. పాలు ఇంకో చెంచా పడతాయి. కొర్రపిండిలో జిగురు ఉండదు కాబట్టి నాలుగో వంతు మించితే కుకీ చేతిలోనే పొడి అవుతుంది. రాగి వేస్తే రాగి రుచే వస్తుంది, నిమ్మ ఉందో లేదో కనిపెట్టడం కష్టం.

## నిమ్మకాయ దగ్గర

నిమ్మరసం మూడు కాయలది పోశాను, అయినా నిమ్మ వాసన రాలేదు. ఎందుకని?

నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. నిమ్మ వాసన రసంలో లేదు, తొక్కలో ఉంది. కాయను వెలుగుకు పట్టుకుని చూస్తే తొక్క మీద సన్నటి చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. వాసనంతా ఆ నూనెదే. రసంలో ఉండేది ముఖ్యంగా నీళ్లూ పులుపూ. పిండిలో రసం పెంచిన కొద్దీ కుకీకి పులుపు కొద్దిగా వస్తుంది గానీ, తడి ఎక్కువై పరుచుకుపోతుంది, వాసన మాత్రం రాదు.

తురిమిన తొక్కను పిండిలో నేరుగా పడేయకండి. చక్కెర పొడిలో వేసి వేళ్లతో రెండు నిమిషాలు బాగా నలపండి. చక్కెర కొంచెం తడిగా, లేత పసుపుగా మారి గిన్నెలోంచి వాసన గుప్పున కొడుతుంది. అప్పుడు బటర్ వేయండి. ఈ నూనె వేడికి ఎగిరిపోయే రకం కాబట్టి కాల్చేటప్పుడు కొంత ఎట్లాగూ పోతుంది. అందుకే ఒక కాయ తొక్క మిగిల్చి, ఐసింగ్‌లో పచ్చిగా కలపండి. నా పద్ధతి ఇంతే: వాసన కుకీలో, పులుపు పైపూతలో.

బెంగళూరు సూపర్‌మార్కెట్లలో దొరికే పెద్ద పసుపు లెమన్ కావాలా? మన నిమ్మకాయ సరిపోదా?

సరిపోతుంది. విదేశీ వీడియోల్లో కనిపించేది వేరే జాతి. కాయ పెద్దది, తొక్క మందం. మన నిమ్మ చిన్నది, తొక్క పలచన, పులుపు కాస్త ఎక్కువ. కాబట్టి కాయల లెక్క మార్చుకోవాలి. వాళ్లు రెండు లెమన్ల తొక్క అంటే మనవి ఐదారు కావాలి. రసం విషయంలో రెండు కాయలంటే రెండు కాయలే పిండకండి, చెంచాలతో కొలవండి.

కాయ పూర్తిగా పసుపు తిరిగే దాకా ఆగక్కర్లేదు. ఆకుపచ్చా పసుపూ కలిసి ఉన్న గట్టి కాయ తురమడానికి సులువు, వాసనా ఘాటుగా ఉంటుంది. వడలి మెత్తబడిన కాయ రసానికి పనికొస్తుంది గానీ తురుముకు రాదు.

తొక్క తురిమితే చేదు వస్తోంది. ఎట్ల తురమాలి?

పైన రంగు ఉన్న పొర మాత్రమే రావాలి. దాని కింద తెల్లగా ఉండేదే చేదు. మన నిమ్మకు ఆ రంగు పొర చాలా పలచన కాబట్టి ఒకచోట ఒక్కసారే గీసి కాయను తిప్పేయాలి, రెండోసారి గీస్తే తెల్లది వచ్చేస్తుంది. అల్లం తురిమే సన్న చిల్లుల పక్కతో పని జరుగుతుంది. కొబ్బరి కోరు వద్దు, దాని పళ్లకు తొక్క చీలికలుగా వస్తుంది.

కాయను ఉప్పుతో రుద్ది, గోరువెచ్చటి నీళ్లలో కడిగి, పొడిగా తుడవండి. కోసే ముందే తురమాలి. సగానికి కోసిన కాయను తురమబోతే వేళ్లు తెగుతాయి. ఫ్రిజ్‌లో పెట్టిన చల్లటి కాయ బాగా తురుమవుతుంది, రసం మాత్రం బయట ఉంచిన కాయ నుంచి ఎక్కువ వస్తుంది.

చీనీకాయలతో (బత్తాయిలతో) చేయొచ్చా? మా తోటలోవే ఉన్నాయి.

తప్పకుండా చేయండి. చీనీ తొక్కలో నూనె పుష్కలంగా ఉంటుంది. రెండు కాయల తురుము 100 గ్రాముల బటర్ వేసిన పిండికి చాలు. వాసన నిమ్మలా కాకుండా నారింజ వైపు ఉంటుంది, పిల్లలకు ఇదే ఎక్కువ నచ్చుతుంది కూడా. పైపూతలో మాత్రం ఉత్త చీనీ రసం పోస్తే తీపి మీద తీపి అయిపోతుంది. సగం చీనీ రసం, సగం నిమ్మరసం పెట్టండి. దబ్బకాయ వాసనా బాగానే ఉంటుంది, దాని తెల్లపొర చాలా మందం, ఇంకా చేదు, అందుకని చెయ్యి తేలిగ్గా పెట్టాలి.

తొక్క తీసేసిన నిమ్మకాయలు ఏం చేయాలి?

తొక్క పోయిన కాయ ఒకట్రెండు రోజుల్లో ఎండిపోతుంది. ఊరగాయకు పనికిరాదు. అదే రోజు చిత్రాన్నం కలిపేయండి, లేదా రసం పిండి ఐస్ ట్రేలో గడ్డ కట్టించండి. ఎండాకాలంలో నిమ్మ ధర ఎట్లా ఎగబాకుతుందో తెలిసిందే కదా. కాయలు చవగ్గా ఉన్నప్పుడు తొక్క తురిమి, చక్కెరలో నలిపి, చిన్న డబ్బాలో ఫ్రీజర్‌లో దాచుకుంటే రెండు నెలలు వాసన ఉంటుంది.

## పిండి కలిపేటప్పుడు

బటర్ రూమ్ టెంపరేచర్‌లో ఉండాలంటారు. మన ఊళ్లో మే నెలలో అది నూనె అయిపోతోంది కదా?

ఆ మాట రాసినవాళ్ల గది 20, 22 డిగ్రీలు. మన వంటింట్లో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాన్నం 36 దాటుతుంది, బటర్ కరగడానికి అంతకంటే ఏం కావాలి? కాబట్టి ఆ మాటను పట్టించుకోకండి. వేలితో నొక్కితే గుంట పడాలి, కానీ వేలికి జిడ్డు మెరుపు అంటకూడదు. అదీ గుర్తు. ఎండాకాలంలో ఫ్రిజ్ నుంచి తీసి ముక్కలు కోసి పెడితే ఐదు పది నిమిషాల్లో ఆ స్థితికి వస్తుంది. డిసెంబరులో ముప్పావు గంటైనా పడుతుంది.

పూర్తిగా కరిగిపోతే మళ్లీ గడ్డకట్టించి వాడినా ఫలితం ఉండదు. బటర్, చక్కెర గిలక్కొట్టినప్పుడు లోపల చేరే గాలి బుడగలే కుకీని గుల్లగా చేస్తాయి, కరిగిన బటర్ ఆ గాలిని పట్టుకోలేదు. నేనైతే వేసవిలో పొద్దున ఆరింటికే పిండి కలిపేస్తాను. ఎండ ఎక్కాక ఫ్యాన్ వేసుకున్నా లాభం లేదు.

పిండి చేతికి అంటుకుంటోంది. ఇంకొంచెం మైదా వేయనా?

వద్దు. అది తడి ఎక్కువై కాదు, బటర్ మెత్తబడి. మూతపెట్టి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, ఎండాకాలమైతే ముప్పావు గంట. చల్లబడ్డాక కూడా అంటుకుంటే అప్పుడు ఒక టేబుల్‌స్పూన్ మైదా వేయొచ్చు.

నాకు రివర్స్‌లో, పిండి ముద్ద కట్టడమే లేదు.

పిడికిట్లో గట్టిగా అదిమి చూడండి. ముద్ద నిలిస్తే సరే, పగుళ్లు ఫ్రిజ్‌లో కాసేపు ఉంచితే సర్దుకుంటాయి. నిలవకపోతే పాలు అర టీస్పూన్ చొప్పున చిలకరించండి. చపాతీ పిండిలా పిసకకూడదు. ఎంత పిసికితే అంత గట్టి పడుతుంది.

రంగు కోసం పసుపు వేస్తే ఎర్ర చుక్కలు వచ్చాయి!

వంట సోడా వేసి ఉంటారు. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే, సోడా తగిలినా పసుపు ఎర్రబడుతుంది. సోడా మానేసి బేకింగ్ పౌడర్ మాత్రమే వాడండి, పసుపు చిటికెలో సగం చాలు. ఐసింగ్‌లో అయితే ఈ గొడవే ఉండదు. నిమ్మరసం పులుపుకు పసుపు పసుపుగానే ఉంటుంది. అయినా తొక్క తురుము ఇచ్చే లేత రంగే నాకు అందంగా కనిపిస్తుంది.

పిల్లలు పచ్చి పిండి తింటామంటారు. గుడ్డు లేదు కదా, పర్వాలేదా?

పెట్టకండి. మైదా కూడా పచ్చి సరుకే. కాల్చనిదే అందులో ఉండే సూక్ష్మక్రిములు చావవు. ఐసింగ్ గిన్నె నాకనివ్వండి, వాళ్లకూ అదే ఇష్టం.

## కాల్చేటప్పుడు

ఓవెన్ లేదు. కుక్కర్‌లో చేయొచ్చా?

చేయొచ్చు, ఓపిక ఉంటే. పాత మందపాటి గిన్నెకు బిగుతు మూత ఉంటే కుక్కర్ కంటే అదే మేలు. కుక్కరే వాడితే గ్యాస్కెట్ రబ్బరు, వెయిట్ రెండూ తీసేయాలి. అడుగున వేలు మందం ఉప్పు పరిచి, చిన్న స్టాండ్ పెట్టి, మూతేసి మధ్యస్థం మంట మీద పది నిమిషాలు వేడి చేయండి. తర్వాత కుకీల ప్లేటు పెట్టి, మంట బాగా తగ్గించి 18 నుంచి 20 నిమిషాలు ఉంచండి. ఒక్కో విడతకు ఐదారు కుకీలే పడతాయి. అడుగు ఎర్రబడి పైన తెల్లగానే ఉంటుంది, ఐసింగ్ వేస్తాం కాబట్టి అదేం కనిపించదు. ఖాళీగా వేడి చేస్తే కుక్కర్ పాడయ్యే అవకాశం ఉంది కాబట్టి రోజూ పప్పు వండేదాన్ని మాత్రం ఇందుకు పెట్టకండి. నాన్‌స్టిక్ గిన్నె అసలు వద్దు.

బేకరీ బట్టీలో కాల్పించుకోవచ్చా? మా అమ్మవాళ్లు అట్లే చేయించేవాళ్లంట.

అవును, మైదా, చక్కెర, డాల్డా మోసుకెళ్లి బేకరీలో బిస్కెట్లు చేయించుకుని డబ్బా నింపుకొచ్చేవాళ్లు. రంజాన్ ముందు ఇప్పటికీ కొన్ని వీధుల్లో ఈ అలవాటు ఉంది. కట్టెల బట్టీ ఉన్నచోట అడిగితే ఒప్పుకుంటారు. బ్రెడ్డు కాల్చేటప్పటి వేడి నిమ్మ కుకీలకు ఎక్కువ. బ్రెడ్డు, బన్నులు దించాక బట్టీ చల్లబడుతున్నప్పుడు పెట్టమని చెప్పండి. ఇంట్లోనే ఉండలు చేసి, ట్రేలో పేర్చి, చల్లటి డబ్బాలో తీసుకెళ్లండి. దారిలో మెత్తబడితే బట్టీలో పరుచుకుపోతాయి. ఐసింగ్ ఇంటికొచ్చాకే వేసుకోండి.

మైక్రోవేవ్‌లో అవుతాయా?

కన్వెక్షన్ మోడ్ ఉంటే అవుతాయి. ముందు వేడి చేసుకుని 160 డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి, లోపలి ఫ్యాన్ వల్ల త్వరగా కాలుతాయి. ఉత్త మైక్రోవేవ్ అయితే కావు.

14 నిమిషాలైనా ఎర్రబడలేదు. ఇంకా ఉంచనా?

ఉంచొద్దు. పులుపున్న పిండి ఎర్రబడటం ఆలస్యం. బేకరీ బటర్ బిస్కెట్ రంగు కోసం చూస్తూ కూర్చుంటే లోపల ఎండిపోతుంది. అంచు మాత్రం లేత బంగారు రంగు తిరిగి, మధ్యలో వేలితో మెల్లగా తాకితే మెత్తగా ఉండగానే తీసేయండి. బయటికి తీసినప్పుడు మెత్తగా ఉండటం సహజం, ట్రే మీదే పది నిమిషాలు కదపకుండా వదిలితే బిగుసుకుంటాయి. ఒకటి తిరగేసి చూడండి. అడుగు లేత గోధుమ రంగులో ఉంటే అయిపోయినట్టే.

చిన్న ఓటీజీల్లో, అంటే బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్లలో, మీటరు చూపించే వేడికీ లోపలి వేడికీ పది ఇరవై డిగ్రీల తేడా మామూలే. మొదటి విడతలో రెండు కుకీలే పెట్టి చూసుకుంటే మీ ఓవెన్ సంగతి తెలిసిపోతుంది.

కుకీలన్నీ పరుచుకుని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కారణం?

బటర్ మరీ మెత్తబడి ఉండటం, ఓవెన్ వేడెక్కకముందే పెట్టడం, మొదటి విడత దించిన వేడి ట్రే మీదే రెండో విడత పేర్చడం. మన దగ్గర ఎక్కువగా మూడోదే. ట్రేను తిరగేసి కొళాయి కింద చల్లార్చి, తుడిచి వాడండి. రెండు ట్రేలుంటే టెన్షన్ ఉండదు. పేర్చిన ట్రేను కాల్చే ముందు పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే ఎండాకాలంలో కూడా గుండ్రంగా వస్తాయి.

మధ్యలో కరెంటు పోయింది. ఏం చేయాలి?

ఎనిమిది నిమిషాలు దాటి ఉంటే తలుపు తీయకుండా అట్లే వదిలేయండి, లోపలి వేడికే చాలావరకు అయిపోతాయి. కరెంటు వచ్చాక రంగు చూసి రెండు మూడు నిమిషాలు పెట్టండి. పెట్టిన రెండు నిమిషాలకే పోతే మాత్రం ట్రే బయటికి తీసి ఫ్రిజ్‌లోకి నెట్టండి.

## పైపూత వేసేటప్పుడు

ఐసింగ్, బటర్‌క్రీమ్... ఏది వేయాలి?

చక్కెర పొడిలో నిమ్మరసం కలిపి చేసే ఐసింగ్ ఎండితే గట్టిపడుతుంది, కుకీలను ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు. బటర్‌క్రీమ్ మెత్తగా, క్రీము బిస్కెట్‌లా ఉంటుంది. దీనికి 50 గ్రాముల బటర్, 130 గ్రాముల చక్కెర పొడి, 2 టీస్పూన్ల నిమ్మరసం, ఒక కాయ తొక్క తురుము.

ఫిబ్రవరి దాటాక మన దగ్గర బటర్‌క్రీమ్ జోలికి పోవద్దనే చెబుతాను. ఏసీ గదిలోనే తింటారని మీకు నమ్మకం ఉంటే వేయండి. మామూలు ఐసింగ్‌కు మాత్రం రాయలసీమ ఎండ చుట్టమే. ఇక్కడ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి సముద్రం పక్కన ఊళ్లలో రాత్రంతా జిగటగా ఉండే ఐసింగ్ మనకు రెండు గంటల్లో ఆరిపోతుంది. వానపడ్డ రోజుల్లో ఇంకో రెండు గంటలు పట్టొచ్చు.

ఐసింగ్ షుగర్ దొరకలేదు. మామూలు చక్కెర మిక్సీ పడితే?

అదే చేయండి. ఒక కప్పు చక్కెరకు ఒక టేబుల్‌స్పూన్ కార్న్‌ఫ్లోర్ వేసి పొడి కొట్టండి. మిక్సీ వేడెక్కకుండా ఆపి ఆపి తిప్పాలి. తర్వాత సన్నటి జల్లెడలో రెండుసార్లు జల్లించండి. జల్లించే పని ఎగ్గొడితే ఎంత కలిపినా ఐసింగ్ నాలుక మీద గరగరలాడుతుంది. కార్న్‌ఫ్లోర్ అంతకు మించితే పచ్చిపిండి రుచి వస్తుంది.

ఐసింగ్ కారిపోతోంది. ఒక్కోసారి ముద్దలా ఉంటుంది. ఎంత చిక్కగా ఉండాలి?

చెంచాతో ఎత్తి వదిలితే ధారగా పడాలి. పడిన గీత గిన్నెలో పది లెక్కపెట్టేలోపు కలిసిపోవాలి. వెంటనే కలిసిపోతే పలచన, అట్లే నిలబడితే చిక్కన. 120 గ్రాముల చక్కెర పొడికి ముందు 3 టీస్పూన్లు పోసి బాగా కలపండి. మొదట్లో ఇది చాలదేమో అనిపిస్తుంది, కంగారుపడి ఇంకో చెంచా గుమ్మరించకండి. కలిపే కొద్దీ చక్కెర కరిగి జారు వస్తుంది. అక్కడి నుంచి పావు చెంచా చొప్పున పోయండి. పలచబడితే ఇంకో రెండు చెంచాల పొడి వేసి సరిచేయొచ్చు.

కుకీ పూర్తిగా చల్లారిందా లేదా కూడా చూసుకోండి. వేసవిలో అందుకు గంట పట్టొచ్చు. వెచ్చటి కుకీ మీద ఎంత మంచి ఐసింగ్ అయినా కారిపోతుంది.

పళ్లు జివ్వుమనేంత పుల్లగా వచ్చింది.

మన నిమ్మ పులుపుకు ఉత్త రసమే పోస్తే అట్లే ఉంటుంది. సగం రసం, సగం నీళ్లు పెట్టండి. పాలు వద్దు, రసం తగిలి విరిగిపోతాయి.

గిన్నెలో ఐసింగ్ మీద పొర కడుతోంది. ఫ్యాన్ కింద ఆరబెడితే పగులుతోంది.

గాలి పొడిగా ఉండటం వల్ల వచ్చే చిక్కు ఇది. గిన్నె మీద తడిపి పిండిన బట్ట కప్పి ఉంచండి, కావలసినప్పుడే తెరవండి. ఆరబెట్టేటప్పుడు ఫ్యాన్ కింద నేరుగా పెట్టకండి. పై పొర ముందే బిగుసుకుని, లోపలిది తర్వాత ఆరి, నెర్రెలు పడుతుంది. తలుపు వేసిన గదిలో బల్ల మీద వదిలేస్తే చాలు.

ఆరేలోపు చీమలు పట్టేస్తున్నాయి!

వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో గిన్నె బోర్లించి, దాని మీద కుకీల ప్లేటు పెట్టండి. ప్లేటు అంచు గోడకు తగలకుండా చూసుకోండి, ఆ ఒక్క దారి చాలు వాటికి.

నల్లబండ మీద నిమ్మరసం పడి తెల్ల మచ్చ అయింది. ఎట్ల పోతుంది?

సబ్బుతో పోదు. కడప నల్లబండ సున్నపురాయి జాతిది, పులుపు తగిలితే పై మెరుపు తినేస్తుంది. అది మరక కాదు, రాయి అరిగిన చోటు. బాగా పెద్దదైతే మళ్లీ పాలిష్ పట్టించాలి. తాడిపత్రి, బేతంచెర్ల బండలకూ ఇంతే. నిమ్మ పనంతా స్టీలు పళ్లెంలో పెట్టుకుని చేయండి, చుక్క పడితే వెంటనే తడిబట్టతో తుడవండి. పిండి ఒత్తుకోవడానికి మాత్రం పొద్దున పూట చల్లగా ఉండే ఆ బండను మించింది లేదు.

## దాచడం, పంపడం, అమ్మడం

ఎన్ని రోజులుంటాయి? ఫ్రిజ్‌లో పెట్టాలా?

ఐసింగ్ వేయనివి గాలి చొరని స్టీలు డబ్బాలో పది రోజులు కరకరలాడతాయి. ఐసింగ్ వేసినవి ఐదారు రోజులు. ఆ పైన పాడవవు గానీ మెత్తబడతాయి. ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటికి తీయగానే చెమ్మ పట్టి ఐసింగ్ జిగురవుతుంది. బటర్‌క్రీమ్ వేసినవి మాత్రం ఫ్రిజ్‌లోనే ఉండాలి, రెండు రోజుల్లో తినేయాలి. కాల్చని పిండిని కడ్డీలా చుట్టి, కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే రెండు నెలలు దాచుకోవచ్చు. కావలసినప్పుడు ముక్కలు కోసి కాల్చుకోవడమే.

హైదరాబాద్ హాస్టల్‌లో ఉన్న పాపకు బస్సులో పంపాలి. విరక్కుండా ఎట్ల?

ఐసింగ్ రాత్రంతా ఆరనివ్వండి. రెండేసి కుకీలను అడుగులు కలిసేలా, ఐసింగ్ బయటి వైపుకు వచ్చేలా జతచేసి, మధ్య మధ్య బటర్ పేపరు పెట్టి డబ్బాలో నిలువుగా పేర్చండి. ఖాళీ ఉంటే పేపరు ఉండలు కుక్కేయండి. డబ్బా ఊపితే లోపల చప్పుడు రాకూడదు. ఆర్టీసీ కార్గోలో అయినా, తెలిసినవాళ్ల చేతికిచ్చినా రాత్రి బస్సుకే ఇవ్వండి. పగలు డిక్కీలో వేడికి బటర్ బయటికొచ్చి ఐసింగ్ మీద నూనె మచ్చలు పడతాయి.

షుగర్ ఉన్నవాళ్లకు చక్కెర తగ్గించి చేయొచ్చా?

కుకీలో 90 గ్రాముల చక్కెరను 70కి తగ్గించొచ్చు. ఐసింగ్ అంటేనే చక్కెర కాబట్టి అందులో తగ్గించడానికేమీ ఉండదు. ఐసింగ్ లేనిది ఒకటి చేతిలో పెట్టండి. తగ్గించినా ఇది మైదా, చక్కెర వంటకమే. బెల్లం వేస్తే షుగర్ ఉన్నవాళ్లకు మంచిదనుకోవడం భ్రమ, పైగా నిమ్మ వాసన అణిగిపోతుంది.

మా వీధిలో అమ్మాలనుకుంటున్నా. ఏం కావాలి?

ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. డబ్బా మీద చేసిన తేదీ, వాడిన సరుకులు రాయండి. గుడ్డు ఉందో లేదో తప్పకుండా రాయాలి, మన దగ్గర కొనేవాళ్లు మొదట అడిగేది అదే. ధర కట్టేటప్పుడు బటర్, మైదా లెక్క అందరూ వేస్తారు, నిమ్మకాయల లెక్క మర్చిపోతారు. డబ్బాకు ఆరు కాయలు పడతాయి. ఏప్రిల్‌లో ఆ ఆరు కాయలు ఎంతో చూసుకుని ధర చెప్పండి.